రెండు ఒట్లు, ఒక రిపోర్టు

పాతబస్తీ శాలిబండలో మా గల్లీ మలుపు తిరిగానంటే చాలు, ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని ఎదురొస్తారు. వాట్సాప్ ఎవరో గుంజుకున్నారని ఒకరు, బ్యాంకు పేరు చెప్పి ఎవరో ఓటీపీ అడిగారని ఇంకొకరు. పొద్దున్నుంచి క్లాసులు, మీటింగులు, ఆపైన ఊరి ఆ కొస నుంచి ఈ కొసకు ప్రయాణం. ఇంటి తలుపు కనబడుతూనే ఉంటుంది, నేను మాత్రం నడివీధిలో నిలబడి ఇంకొకరి ఫోన్ చూస్తుంటాను. నేను ఫోన్లు బాగుచేసే మనిషిని కాదని, యూనివర్సిటీలో క్రిప్టోగ్రఫీ చెబుతానని మొదట్లో విసుక్కునేదాన్ని. గదేంది అనేవాళ్ళు. పంపినవాళ్ళకూ అందుకున్నవాళ్ళకూ తప్ప ఇంకెవరికీ తెలియకుండా మాట దాచే లెక్కల విద్య అంటే, "మన గల్లీల దాచెటందుకు ఏమున్నది ప్రొఫెసరమ్మా?" అని నవ్వేవాళ్ళు. ఇప్పుడు చెప్పడం మానేశాను. ఫోన్ తీసుకుంటాను, చూస్తాను, ఇచ్చేస్తాను.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా అమ్మ నా గురించే అనేది. ఆ పల్లకీ కూడా ఈమధ్య దిగిపోయింది. సదస్సులకు పిలిస్తే వెళ్ళాలనిపించదు. పోయి ఏం చెప్పాలి? ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పిన మాటే ఇంకా చెబుతున్నాను.

ఆ మాట ఇది. ఇద్దరు మనుషులు గుట్టుగా ఏదైనా వ్యవహారం నడుపుకోవాలంటే వెనకటికి మధ్యలో ఒక పెద్దమనిషి కావాలి. ఇద్దరి గుట్టూ ఆయన కడుపులో ఉంటుంది. ఆయన నోరు జారితే అంతే సంగతులు. మా శాస్త్రానికి ఆ మూడో మనిషి మీద నమ్మకం లేదు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ మంచితనం లెక్కకు అందదు. అందుకని మూడో మనిషి అవసరమే లేకుండా పని జరిగే పద్ధతులు వెతుకుతాం. నా వయసులో మంచి భాగమంతా దానికే పోయింది. నా దగ్గర చదివినవాళ్ళలో కొందరు కంచన్‌బాగ్ రక్షణశాఖ లాబుల్లో చేరారు. ఎక్కడైనా ఎదురై "ఏం పని చేస్తున్నవ్ రా?" అంటే "పిల్లలు బాగున్నరు మేడం" అంటారు. వాళ్ళే నయం, నేర్చుకున్నది వాడుతున్నారు.

నడివయసులో నా దారి కొంచెం మళ్ళింది. లెక్కలు వదల్లేదు గానీ, ఇళ్ళలో మనుషులు ఏది దాచుకుంటారు, ఎట్లా దాచుకుంటారు అని చూడటం మొదలుపెట్టాను. మా పాతబస్తీ ఇళ్ళలో ఒకే ఫోన్ చేతులు మారుతూ ఉంటుందని, దానికి తాళం వేసిన ఆడదాన్ని ఇంటిల్లిపాదీ "ఏం దాస్తున్నవ్?" అని అడుగుతారని ఒక వ్యాసం రాశాను. పత్రిక తరఫున దాన్ని పరిశీలించిన మహానుభావుడు, ఆ ఆడవాళ్ళు తలా ఒక ఫోన్ ఎందుకు కొనుక్కోరు అని అడిగాడు. ఆయనకు జవాబు రాయడానికి కూర్చుని ఊరికే తెర వైపు చూస్తూ ఉండిపోయాను. అప్పటికే బాగా అలిసిపోయి ఉన్నాను. ఆపా సంగతి సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చి పడింది.

ఆపా మా పక్కింటావిడ. నాకంటే కొంచెం పెద్దది, అందుకే ఆపా, అంటే అక్క. మా నాన్నకు పత్తర్‌గట్టీలో జరీ, లేసుల హోల్‌సేల్ దుకాణం ఉన్నప్పటి నుంచి వాళ్ళ ఇంట్లో మగ్గం పని. చెక్క చట్రానికి బట్ట బిగించి జరీ కుడతారు. భర్త పోయాక ఆ మగ్గం మీదే కొడుకునూ బిడ్డనూ పెంచింది. కొడుక్కి ఇప్పుడు సొంతంగా దుపట్టాల దుకాణం ఉంది. బిడ్డకు సంబంధం కుదిరింది. మా డాబాకూ వాళ్ళ డాబాకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ. సాయంత్రాలు ఇటు నేను, అటు ఆపా. నాకు పెళ్ళి ఎందుకు కాలేదో, నిజంగా ఎందుకు కాలేదో, ఈ లోకంలో ఆపాకు ఒక్కదానికే తెలుసు.

బక్రీద్ సందడి తగ్గిన ఒక సాయంత్రం ఆపా గోడ అవతల నుంచి నా చెయ్యి పట్టుకుని, తన దుపట్టా కింద చంక పక్కన పెట్టుకుంది. వేళ్ళకు గట్టిగా తగిలింది. ఉసిరికాయంత ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"రంజాన్ల చూసిన. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. నువ్వు గూడ చెప్పొద్దు."

"చెప్పకుంటే ఎట్ల ఆపా?"

"పెండ్లికొడుకు వాళ్ళకు తెలిస్తే? తల్లికున్నది బిడ్డకూ వస్తదంటరు. రిష్తా ఖతం."

అట్లా తప్పిపోయిన సంబంధాలు మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు సెలవు పెట్టి దవాఖానకు తీసుకెళ్ళాను. ఎక్కిన ఆటో మా గల్లీవాడిదే. నయాపూల్ దాకా లేసుల గురించే మాట్లాడుకున్నాం. అక్కడ ఏదో కొనాలని దిగి, అతను మలుపు తిరిగాక వేరే ఆటో ఎక్కాం. ఇంతా చేసి, దవాఖాన కౌంటరు దగ్గర ఫోన్ నంబరు అడిగితే ఆపా గడగడా కొడుకు నంబరు చెప్పేసింది. ఎక్కడైనా మనుషులు తమ నంబరు చెబుతారు. మా గల్లీ ఆడవాళ్ళు ఇంటికంతా ఒకటైన నంబరు చెబుతారు. గ్యాసు, రేషను, బ్యాంకు, బడి, అన్నీ దాని మీదే. వాళ్ళకు నోటికి వచ్చిన నంబరు అదొక్కటే. నేను బురఖా పట్టుకుని లాగేసరికి క్లర్కు రాసేశాడు. బతిమాలి నా నంబరు పెట్టించాను. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు, రిపోర్టు నా ఫోన్‌కే వస్తుందన్నాడు. ఆపా "బచ్‌గయే, బతికిపోయినం" అని నవ్వింది.

రిపోర్టు వచ్చినప్పుడు నేను డిపార్ట్‌మెంట్ మీటింగులో ఉన్నాను. ప్రొజెక్టరు పనిచెయ్యడం లేదని ఎవరో లొల్లి చేస్తున్నారు. బల్ల కింద ఫోన్ తెరిచి చదివాను. మళ్ళీ చదివాను. ఆ కబురు చాలా భద్రంగా వచ్చింది, దారిలో ఎవరూ చూడలేదు, మా శాస్త్రం చెప్పినట్టే అన్నీ జరిగాయి. కానీ అది ఆపా ఒంట్లో సంగతి, ఆపా కంటే ముందు నాకు తెలిసింది. ప్రొజెక్టరు బాగయ్యింది. నేను లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఆపా తీగ మీది బట్టలు తీస్తోంది. మాటలు తిప్పకుండా చెప్పాను. ఒక్కో బట్టా మడత పెడుతూనే వింది.

"కోస్తరా?"

"కోస్తరు. ఆగొద్దన్నరు ఆపా."

"షాదీ అయినంక."

ఆ షాదీ ఎప్పుడని? రాబోయేది మొహర్రం, ఆపైన సఫర్. మా గల్లీ పాత ఇళ్ళలో ఆ రెండు నెలలూ పెళ్ళిళ్ళు పెట్టుకోరు. అవి దాటాకే ముహూర్తం. అన్నాళ్ళు ఆగడమేంటని కోప్పడ్డాను. కనీసం కొడుక్కి చెప్పనివ్వమన్నాను. ఆపా నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

"వాడికి తెలిస్తే షాదీ ఆపుతడు. నా తల మీద ఒట్టు. ఎవ్వరికీ చెప్పొద్దు."

ఒట్టు వేశాను. ఇంకేం చేస్తాను?

ఆ వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక కొడుకు మా తలుపు కొట్టాడు. చిన్నప్పటి నుంచి నన్ను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పిల్లవాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఖాలా, దవాఖాన మెసేజ్ నా ఫోన్‌కొచ్చింది. అమ్మీ పేరు, వార్డు పేరు."

క్లర్కు నంబరు మార్చేలోపే ఆ మొదటి మెసేజ్ వెళ్ళిపోయిందన్నమాట.

"మీరే తీస్కపోయిన్రని తెలుసు. నయాపూల్ దాక ఇద్దరు కలిసి పోయిన్రని ఆటో అన్న చెప్పిండు. నేను పోయి డాక్టరమ్మను కలిసిన. కొడుకునని చెప్తే మొత్తం చెప్పింది." ఒక అడుగు ముందుకేసి అన్నాడు. "అమ్మీకి చెప్పకుండ్రి ఖాలా. మామూలు గడ్డ అని చెప్పుండ్రి. ఇది తెలిస్తే ఆమె పానం అక్కడనే సగమైతది. చెల్లె షాదీ ఖుషీగ చూడనీ. తర్వాత నేను చూస్కుంట."

"అమ్మీకి తెలిస్తే నయం కదా బేటా. నన్ను చెప్పనియ్యి" అన్నాను. ఆపాకు అప్పటికే తెలుసనడానికి ఆ మొదటి ఒట్టు అడ్డం.

"నక్కో ఖాలా, వద్దు. పోయిన మా అబ్బా మీద ఒట్టు."

ఆ పిల్లవాడు అట్లా నిలబడి ఏడుస్తుంటే తల ఊపాను. అదీ ఒట్టే.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే. తల్లి దాచేది కొడుకు నుంచి, కొడుకు దాచేది తల్లి నుంచి. దాచేది మాత్రం ఒకటే. ఒకరి మీద ప్రేమతో ఒకరు ఆగుతున్నారు, మధ్యలో ఆ గడ్డ ఆగడం లేదు. ఈ రెండు వైపులా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పాఠాల్లో అక్కర్లేదని కొట్టేసిన మూడో మనిషి నా ఇంట్లో నా చీర కట్టుకుని కూర్చుంది. దాన్ని ఏ లెక్కతో తీసెయ్యాలో నాకు తోచలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆగితే ఏమవుతుందని అడిగాను. "ఆగితే ఏమైతదో నేను చెప్పలేను. ఆగొద్దని మాత్రం చెప్పగలను" అంది. ఆవిడ గొంతులోనూ అలసటే. ఇట్లాంటి ఫోన్లు రోజూ ఎన్ని వస్తాయో.

మొహర్రం మొదలైంది. గల్లీ మొగన షర్బత్ పందిరి వేశారు. నేను యూనివర్సిటీకి పోయి వస్తూనే ఉన్నాను, పరీక్ష పేపర్లు దిద్దుతూనే ఉన్నాను. ఆపాను మళ్ళీ అడిగాను, మళ్ళీ కాదంది. కొడుకును మళ్ళీ అడిగాను, మళ్ళీ దండం పెట్టాడు. మా గల్లీలో గుట్టు అంటే తెలియకపోవడం కాదు, తెలిసీ తెలియనట్టు ఉండటం. గోడ అవతల మొగుడూ పెళ్ళాల గొడవంతా విన్నావిడ, తెల్లారి ఏమీ విననట్టు వాళ్ళింటికే పెరుగు తోడుకు పోతుంది. మర్యాద అంటే అదే. నాకూ ఆ మర్యాద ఇష్టమే, దాని నీడలోనే నేనూ ఇన్నేళ్ళు బతికాను. కానీ ఈసారి ఆ మర్యాద ఒక మనిషిని నమిలేస్తుంటే పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం ఆపా ఇంట్లో నిజంగానే చాయ్‌కి కూర్చున్నాం. ముందుగదిలో మగ్గానికి బిడ్డ పెళ్ళి దుపట్టా బిగించి ఉంది. కొసల్లో జరీ ఇంకా మిగిలింది. కొడుకు పూల సంగతి చెబుతున్నాడు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తానే పోతాడట, పూలు అక్కడైతే తాజాగా దొరుకుతాయట. ఆపా నవ్వుతూ వింటూ, దుపట్టా మీదికి వంగి జరీ ఉండ అందుకోబోయింది. చెయ్యి సగంలో ఆగిపోయింది. పళ్ళు బిగబట్టి, రెండో చేత్తో అందుకుంది.

"భుజం పట్టుకున్నది. మగ్గం పనిది" అంది, మేము అడగకుండానే.

"హౌ అమ్మీ, మగ్గం పనిదే. జర ఆరాం తీస్కో" అన్నాడు కొడుకు, నేల వైపు చూస్తూ.

"ఫికర్ చెయ్యకు. గదే తగ్గుతది."

"నాకేం ఫికర్ అమ్మీ?"

ఇద్దరూ ఎంత బాగా చేస్తున్నారంటే, చూడలేకపోయాను. అప్పుడు నాకు ధైర్యం వచ్చిందని చెప్పుకుంటే అబద్ధం. నాలో ఉన్న ఓపిక అయిపోయింది, అంతే. ఇంకొక్క మాట కూడా మోయలేననిపించింది.

"ఆపా, వాడికి తెలుసు" అన్నాను. "బేటా, అమ్మీకి తెలుసు. రిపోర్టు నేనే చదివి చెప్పిన. ఇద్దరికీ తెలుసు. షాదీ దాక ఆగేటిది కాదది. క్యాన్సర్‌కు మొహర్రం తెల్వది, సఫర్ తెల్వది. రేపే దవాఖానకు పోండ్రి."

కొడుకు తల్లి వైపు చూశాడు. తల్లి కొడుకు వైపు చూడలేదు, నా వెనక్కి చూసింది. తిరిగి చూశాను. గుమ్మంలో బిడ్డ చాయ్ ట్రేతో నిలబడి ఉంది. ఆ ఇంట్లో ఏమీ తెలియనిది ఆ పిల్ల ఒక్కతే. పెళ్ళి పనుల్లో నవ్వుకుంటూ తిరుగుతున్న పిల్ల. ట్రేని నెమ్మదిగా నేల మీద పెట్టి, అక్కడే కూలబడింది.

"బిడ్డ ముంగట" అంది ఆపా. గొంతు పెంచలేదు. "బిడ్డ ముంగట చెప్పినవ్."

నేను లేచి వచ్చేశాను. చెప్పులు ఎట్లా వేసుకున్నానో కూడా గుర్తులేదు.

ఆ వారంలోనే ఆపరేషన్ అయ్యింది. పెళ్ళికొడుకు వాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళని చెప్పారు. గల్లీ గల్లీ అంతా రాళ్ళే అంది. నోట్లో నువ్వుగింజ నానని పాలబూతు ముసలాయన కూడా, ఎవరడిగినా "రాళ్ళు భాయ్, మస్తు పెద్ద రాళ్ళు" అని చేతులతో సైజు చూపించాడు. ఎందరికి నిజం తెలుసో నాకు తెలియదు. అందరికీ అనే నా అనుమానం. రిష్తా నిలబడింది. పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. మిగిలిన జరీ బిడ్డే కుట్టుకుందట. ఆపా మందులకు జుట్టు రాలిన తలకు రుమాలు కట్టి, పైన దుపట్టా కప్పుకుని, ఆడవాళ్ళ వైపు కుర్చీలో కూర్చుంది. నా పళ్ళెంలో ఖుబానీ కా మీఠా తానే వడ్డించింది, నా మొహం చూడకుండా. ఆగి ఉంటే చెయ్యి దాటిపోయేదని డాక్టరమ్మ తర్వాత కొడుకుతో అందట. అతనే వచ్చి నాకు చెప్పాడు. దండం పెట్టబోతే వద్దన్నాను.

ఆపా నాతో తగాదా పెట్టుకోలేదు. పెట్టుకుంటే బాగుండేది. పండక్కి షీర్ ఖుర్మా గిన్నె వస్తూనే ఉంది, నేనూ గిన్నెను ఖాళీగా పంపకుండా ఏదో ఒకటి వేసి పంపుతూనే ఉన్నాను. గల్లీలో కనబడితే సలాం, కుశలం. పిట్టగోడ దగ్గరికి మాత్రం రాదు. బట్టలు అవతలి వైపు తీగ మీద ఆరేసుకుంటోంది. ఈమధ్య సొంత ఫోన్ కొనుక్కుంది, సొంత నంబరు, దానికి తాళం కూడా ఉంది. ఎట్లా పెట్టుకోవాలో నన్ను అడగలేదు, ఎవరిచేతనో పెట్టించుకుంది. నా బతుకంతా నేను చెప్పిన పాఠమే అది. సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ అట్లాంటిది ఎదురైతే ఏం చేస్తావని ఈ మధ్య నన్ను నేనే అడుగుతుంటాను. అదే చేస్తాను. ఆపా బతికి ఉంది, సాయంత్రం పూట ఆవిడ దగ్గు వినిపిస్తుంది, బిడ్డకు పుట్టిన మనవరాలిని ఎత్తుకుని కూనిరాగం తీస్తే వినిపిస్తుంది. దానికి కట్టాల్సిన వెల నేను కట్టాను. తక్కువ వెల అని మాత్రం ఎవరూ అనకండి. ఈ వయసులో నాకు ఇంకో ఆపా దొరకదు. ఎవరితోనూ అనలేని మాటలు ఇప్పుడు నా దగ్గరే ఉండిపోతున్నాయి.

మొన్న ఆపా ఏటా చేసే పరీక్షలకు పోయిందని కొడుకు చెప్పాడు. నిన్న సాయంత్రం గల్లీలో కూరగాయల బండి దగ్గర ఎదురైంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పోయేదాకా వంకాయలు ఏరుతూ ఆగాను. ఇద్దరమే మిగిలాక దగ్గరికి జరిగి, మెల్లగా అడిగాను. "ఏమొచ్చింది ఆపా?"

ఆపా నా వైపు తిరిగి చక్కగా నవ్వింది.

"అల్‌హందులిల్లా, అంతా మంచిగున్నది ప్రొఫెసరమ్మా" అంది.

ఇంతకుముందు ఆ నలుగురికీ చెప్పింది ఆ మాటే, ఆ నవ్వుతోనే. సంచీ సర్దుకుని ఇంట్లోకి పోయింది. అది నిజమో కాదో నాకు తెలియదు.